పద్మ, పలాశ్: సొంత విమానాలే ముంచిన రెండు టగ్గులు

1971 యుద్ధంలో నావికాదళం అనగానే తెలుగువారికి ముందు గుర్తొచ్చేది విశాఖపట్నం. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరానికి దగ్గరలోనే పాకిస్తాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ మునిగిపోయింది. దాని గుర్తుగా బీచ్ రోడ్డులో యుద్ధ స్మారకం ఉంది. ఏళ్ల తరబడి డిసెంబరు 4న నేవీ డే విన్యాసాలు చూడటానికి వేలమంది వచ్చేవారు. ఘాజీ మీద సినిమా కూడా వచ్చింది.

అదే యుద్ధంలో, ఘాజీ మునిగిన వారం రోజులకు మరో రెండు పడవలు మునిగాయి. వాటి పేర్లు ‘పద్మ’, ‘పలాశ్’. బెంగాల్‌లో గంగ పాయను పద్మ అంటారు. పలాశ్ అంటే మన మోదుగ. ఇంకా పూర్తిగా పుట్టని ఒక దేశపు నావికాదళానికి ఇవే తొలి యుద్ధ పడవలు. అంతకు ముందు కలకత్తా రేవులో పనిచేసిన టగ్గులు. గన్‌బోట్లుగా మారాక దాదాపు రెండు నెలలే బతికాయి. వాటిని ముంచింది పాకిస్తాన్ కాదు, భారత వాయుసేన.

ఈ చిన్న చరిత్రకు మన దగ్గర స్మారకం లేదు. అయినా యుద్ధంలో పొరపాటు ఎలా జరుగుతుందో, ఎవరి తప్పూ ప్రత్యేకంగా కనపడకుండానే సొంత మనుషులు ఎలా చనిపోతారో అర్థం చేసుకోవడానికి పద్మ, పలాశ్‌ల కథ కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఓడలు లేని నావికులు

1971 మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం ‘ఆపరేషన్ సెర్చ్‌లైట్’ మొదలుపెట్టింది. ఆ వార్త వినేసరికి పాకిస్తాన్ నావికాదళంలోని బెంగాలీ నావికులు ఎక్కడెక్కడో ఉన్నారు. కొందరు కరాచీలో, కొందరు చిట్టగాంగ్‌లో, కొందరు ఫ్రాన్స్‌లో. ఫ్రాన్స్‌లోని తూలాన్ రేవులో పాకిస్తాన్ కొత్తగా కొన్న జలాంతర్గామి ‘మాంగ్రో’ మీద శిక్షణ పొందుతున్న బెంగాలీల్లో కొందరు నెలాఖరుకల్లా రహస్యంగా బయటపడ్డారు. ఎనిమిది మంది స్పెయిన్ చేరి, మాడ్రిడ్‌లోని భారత రాయబార కార్యాలయం తలుపు తట్టారు. ఏప్రిల్‌లో భారత్‌కు వచ్చారు.

వాళ్ల దగ్గర ఓడ లేదు, ఆయుధం లేదు. ఉన్నది నీటి మీద యుద్ధం ఎలా చేయాలన్న శిక్షణ ఒక్కటే. దాన్ని వాడుకోవాలని భారత నావికాదళం నిర్ణయించింది. అప్పటి నావికాదళాధిపతి అడ్మిరల్ ఎస్.ఎం. నందా. నావికా గూఢచారి విభాగం అధిపతి కెప్టెన్ మిహిర్ రాయ్. పని అప్పగించింది కమాండర్ ఎం.ఎన్.ఆర్. సామంత్‌కు. పశ్చిమ బెంగాల్‌లో భాగీరథి ఒడ్డున ప్లాసీ దగ్గర మే నెలలో శిబిరం మొదలైంది. 1757లో సిరాజుద్దౌలా ఓడిన ప్లాసీయే అది. ఊళ్ల నుంచి, శరణార్థి శిబిరాల నుంచి వచ్చిన కుర్రాళ్లకు అక్కడ గంటల తరబడి ఈదడం నేర్పారు. ఓడ అడుగుకు అతుక్కునే లింపెట్ మైన్‌ను ఛాతీకి కట్టుకుని, చీకట్లో చప్పుడు లేకుండా వెళ్లి తగిలించి రావడం నేర్పారు.

ఆగస్టు 15 అర్ధరాత్రి చిట్టగాంగ్, మోంగ్లా, చాంద్‌పూర్, నారాయణ్‌గంజ్ రేవుల్లో ఒకేసారి పేలుళ్లు జరిగాయి. దాడికి సంకేతం ఆకాశవాణి కలకత్తా కేంద్రం ప్రసారం చేసిన రెండు పాటలు. మొదటి పాట వినపడితే సిద్ధం కావాలి, రెండోది వినపడితే బయలుదేరాలి. దీని పేరు ‘ఆపరేషన్ జాక్‌పాట్’. తూర్పు పాకిస్తాన్ రేవులకు సరుకు ఓడలు పంపడానికి విదేశీ కంపెనీలు జంకడం అప్పటి నుంచే మొదలైంది.

కానీ ఈతగాడు రేవులో ఆగి ఉన్న ఓడనే కొట్టగలడు. కదిలే ఓడను ఆపాలన్నా, నదీ ముఖద్వారాల్లో మైన్లు పరచాలన్నా పడవ కావాలి. ఆ పడవ మీద ఫిరంగి కావాలి.

టగ్గే ఎందుకు?

రేవుల్లో పెద్ద ఓడలు తమంతట తాముగా గట్టుకు చేరలేవు. వాటిని లాగి, నెట్టి, తిప్పి సరైన చోట నిలబెట్టే చిన్న పడవే టగ్. చూడటానికి పొట్టిగా ఉంటుంది కానీ ఇంజిన్ బలం ఎక్కువ. పెద్ద ఓడలతో రాసుకుని పనిచేయాలి కాబట్టి ఒళ్లు గట్టిది. తక్కువ లోతు నీటిలో తిరగగలదు, ఇరుకు చోట మలుపు తిరగగలదు. రేవు మనుషులకు ఇది ఎద్దు లాంటిది. దాని శ్రమ లేకపోతే రేవే నడవదు, కానీ ఎవరూ ప్రత్యేకంగా చూడరు.

యుద్ధం వచ్చినప్పుడు ఇలాంటి పౌర పడవలకు తుపాకులు బిగించి సహాయక నౌకలుగా వాడటం చాలా దేశాలు చేసిందే. తూర్పు బెంగాల్ విషయంలో దానికి మరో కారణం ఉంది. ఖుల్నాకు, మోంగ్లాకు దారి సుందర్‌బన్ గుండా వెళ్తుంది. పశూర్, రూప్సా, వాటిలో కలిసే వందలాది పాయలు. పోటుకు నిండి, ఆటుకు ఎండే నీళ్లు. పెద్ద యుద్ధ నౌక లోపలికి రాలేదు. బంగాళాఖాతంలో ‘విక్రాంత్’ ఎంత బలంగా ఉన్నా ఆ మడ అడవుల మలుపుల్లోకి రాలేదు. అక్కడికి వెళ్లగలిగింది రేవు పడవే.

కలకత్తా రేవుకు చెందిన రెండు పడవలను భారత ప్రభుత్వం ముక్తి వాహినికి ఇచ్చింది. గార్డెన్ రీచ్‌లో వాటికి 40 మిల్లీమీటర్ల బోఫోర్స్ తుపాకులు రెండేసి బిగించారు. నీటిలోకి మైన్లు జారవిడిచే అమరికలు పెట్టారు. అక్టోబరు నాటికి అవి పద్మ, పలాశ్‌లయ్యాయి. నడిపించే బాధ్యత భారత నావికాదళ అధికారులది. సిబ్బందిలో ఎక్కువమంది పాకిస్తాన్ నేవీని వదిలి వచ్చిన బెంగాలీ నావికులు.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. భారత్ ఇంకా యుద్ధం ప్రకటించలేదు. బంగ్లాదేశ్‌ను ఇంకా ఏ దేశమూ గుర్తించలేదు. కాబట్టి ఈ పడవలు భారత్‌వి కావు, అంతర్జాతీయ చట్టం దృష్టిలో మరే దేశానివీ కావు. నవంబరులో అవి పశూర్ నది ముఖద్వారంలో మైన్లు పరిచాయి. మోంగ్లాకు వస్తున్న ఓడల దారి మూసుకుపోసాగింది. ఆ పని చేసింది ఎవరో అధికారికంగా ఎవరూ చెప్పరు. ఎవరివో తెలియకపోవడమే అప్పుడు ఆ పడవల బలం. నెల తిరగకముందే అదే వాటి ప్రాణం మీదికి వచ్చింది.

డిసెంబరు 10

డిసెంబరు 3న బహిరంగ యుద్ధం మొదలైంది. 6న భారత్ బంగ్లాదేశ్‌ను గుర్తించింది. ఆ మర్నాటికి జెస్సోర్ భారత సైన్యం చేతికి వచ్చింది. అక్కడి నుంచి తప్పుకున్న పాకిస్తాన్ బలగాలు దక్షిణాన ఖుల్నా వైపు వెళ్లాయి. ఖుల్నాలో పాకిస్తాన్ నావికా స్థావరం ‘తీతుమీర్’ ఉంది. నది వైపు నుంచి దాన్ని కొట్టడానికి సామంత్ నాయకత్వంలో ఒక చిన్న దళం బయలుదేరింది. అందులో మూడు పడవలు: సోవియట్ యూనియన్ నుంచి కొన్న గస్తీ నౌక ఐఎన్ఎస్ పన్వేల్, పద్మ, పలాశ్. పన్వేల్‌కు కమాండర్ లెఫ్టినెంట్ కమాండర్ జె.పి.ఎ. నొరోన్హా. దారిలో సరిహద్దు భద్రతా దళం పడవ ‘చిత్రాంగద’ కూడా కలిసింది.

డిసెంబరు 10 ఉదయం దళం మోంగ్లా చేరింది. అక్కడ పెద్దగా ప్రతిఘటన లేదు. చిత్రాంగదను అక్కడే ఉంచి మిగతా మూడూ నలభై కిలోమీటర్ల పైచిలుకు ఎగువన ఉన్న ఖుల్నా వైపు కదిలాయి. ముందు పన్వేల్, వెనక పలాశ్, పద్మ. ఆకాశం నుంచి చూసే మన విమానాలు గుర్తుపట్టాలని పడవల పైభాగాన పసుపు రంగు గుర్తు పెట్టుకున్నారు.

మధ్యాహ్నం కావస్తుండగా ఖుల్నా షిప్‌యార్డ్ దగ్గరికి వచ్చారు. అప్పుడే ఆకాశంలో మూడు యుద్ధ విమానాలు కనిపించాయి. తుపాకుల దగ్గర ఉన్నవాళ్లు కాల్చడానికి అనుమతి అడిగారు. బోఫోర్స్ అసలు విమానాలను కొట్టడానికి పుట్టిన తుపాకే. కానీ అనుమతి రాలేదు. అవి మన విమానాలు, కాల్చవద్దని సామంత్ ఆజ్ఞ.

ఆయన అనుకున్నది నిజమే. ఢాకా తేజ్‌గావ్ రన్‌వేను భారత వాయుసేన అప్పటికే పనికిరాకుండా చేసింది. ఆ ఆకాశంలో పాకిస్తాన్ విమానం ఎగిరే పరిస్థితి లేదు. పైన ఉన్నది మనవాళ్లే. ఆ మనవాళ్లే వెనక్కి తిరిగి వచ్చి, కిందికి దిగి, పద్మ మీద దాడి చేశారు. తర్వాత పలాశ్ మీద. రెండూ మంటల్లో చిక్కుకున్నాయి. పన్వేల్ ఒక్కటే తప్పించుకుంది.

పలాశ్ ఇంజిన్ గదిలో ఉన్నది మహమ్మద్ రూహుల్ అమీన్. నోవాఖాలీ జిల్లా మనిషి. 1953లో పాకిస్తాన్ నేవీలో చేరి, ఇంజిన్ రూమ్ ఆర్టిఫిసర్ హోదా వరకు ఎదిగారు. చిట్టగాంగ్ స్థావరం వదిలి త్రిపుర చేరి ముక్తి వాహినిలో కలిశారు. పడవ వదిలి దూకమని ఆజ్ఞ వచ్చినా ఆయన వెంటనే కదల్లేదని బంగ్లాదేశ్ చరిత్ర చెబుతుంది. ఇంజిన్‌ను కాపాడాలని చివరి దాకా ప్రయత్నించి, గాయాలతో నీటిలోకి దూకి ఒడ్డుకు చేరారు. ఒడ్డున ఉన్నది పాకిస్తాన్ సైన్యానికి తోడుగా పనిచేసే రజాకార్లు. మన హైదరాబాద్ సంస్థానంలోని రజాకార్లకు వీళ్లకు సంబంధం లేదు, పేరు ఒక్కటే. వాళ్లు ఆయన్ను అక్కడే చంపేశారు.

పద్మ మీద ఉన్న భారత నావికుడు లీడింగ్ సీమన్ చిమన్ సింగ్ కూడా గాయపడి నీటిలో పడ్డారు. ఒడ్డు నుంచి కాల్పులు జరుగుతుండగానే, మునిగిపోతున్న తోటివారిని ఒడ్డుకు చేర్చారు. వాళ్లు తప్పించుకోవడానికి వీలుగా తానే శత్రువుకు ఎదురెళ్లారు. పట్టుబడి, ఖుల్నా విముక్తి తర్వాత విడుదలయ్యారు. ఢాకాలో డిసెంబరు 16న లొంగుబాటు జరిగితే, ఖుల్నా దళం ఆయుధాలు కింద పెట్టింది ఆ మర్నాడు.

తప్పు ఎక్కడ జరిగింది?

పైలట్ల తప్పేనని తేల్చేయడం తేలిక. కానీ వాళ్ల కళ్లతో ఒకసారి చూడాలి. ఖుల్నా ఇంకా శత్రువు చేతిలో ఉన్న ఊరు. నదిలో షిప్‌యార్డ్ పక్కన, తుపాకులు బిగించిన పడవలు. పాకిస్తాన్ సైన్యం కూడా ఆ నదుల్లో గన్‌బోట్లు నడిపింది, పౌర పడవలను పట్టుకుని వాడింది. సెకనుకు వందల మీటర్ల వేగంతో పోయే విమానం నుంచి ఒక టగ్‌కు మరో టగ్‌కు తేడా తెలియదు. యుద్ధ నౌకకైతే ఆకారం ఉంటుంది. ఏ దేశం నౌక ఎలా ఉంటుందో పుస్తకాలు చూసి పైలట్లు నేర్చుకుంటారు. రేవు పడవకు అలాంటి ఆకారం లేదు. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లది.

అంటే ఆ రోజు పద్మ, పలాశ్‌ల ప్రాణం రెండు విషయాల మీద ఆధారపడి ఉంది. ఒకటి పైన ఉన్న పసుపు గుర్తు. రెండు, ‘ఫలానా రోజు ఫలానా నదిలో మన పడవలు ఉంటాయి’ అన్న కబురు. ఎండలో, వేగంలో గుర్తు కనపడకపోవచ్చు. కనపడినా దాని అర్థం తెలిస్తేనే ఉపయోగం. కాబట్టి అసలు విషయం కబురే. నది మీద ఉన్న మనిషి నుంచి విమానం ఎక్కబోతున్న మనిషి దాకా అది చేరాలి.

ఆ దారి చాలా పొడవైనది. తూర్పు రంగంలో సైన్యం ప్రధాన కార్యాలయం కలకత్తా ఫోర్ట్ విలియంలో. వాయుసేనది షిల్లాంగ్‌లో. నావికాదళానిది మన విశాఖపట్నంలో. వాయుసేన ఫోర్ట్ విలియంలో ఒక ముందస్తు కార్యాలయం పెట్టుకుంది నిజమే. అయినా మూడు దళాలకు కలిపి ఒకే కమాండర్ లేడు. సమన్వయమంతా పరస్పర అంగీకారం మీద, వ్యక్తుల మధ్య స్నేహం మీద నడిచింది. పెద్ద విషయాల్లో అది అద్భుతంగా పనిచేసింది కూడా. పదమూడు రోజుల్లో ఢాకా చేరడం అందుకు సాక్ష్యం. తేడా వచ్చింది చిన్న విషయాల్లో. ముందుకు దూసుకెళ్లే సైన్యం రోజురోజుకూ కొత్త చోట ఉంటుంది. నిన్న శత్రువుదైన నది ఇవాళ మనది. ఆ మార్పు ఉదయాన్నే ప్రతి విమాన స్థావరానికీ తెలియాలి. తెలియకపోతే పైలట్ నిన్నటి పటంతోనే ఎగురుతాడు.

పైగా ఈ పడవలు పుట్టిందే రహస్యంగా. మే నుంచి నవంబరు దాకా వాటి ఉనికి ఎంత తక్కువమందికి తెలిస్తే అంత మంచిదన్న పద్ధతిలో పని సాగింది. అలాంటి పథకాన్ని నాలుగైదు రోజుల్లో బహిరంగ యుద్ధంలోకి తెచ్చి, అందరూ గుర్తుపట్టాలని ఆశించడం కష్టం. దాచడానికి పెట్టిన గోడలు అవసరమైనప్పుడు వాటంతటవే కూలిపోవు.

ఇది 1971తో తీరిపోయిన సమస్య కాదు. 2019 ఫిబ్రవరి 27న కశ్మీర్‌లోని బడ్గామ్ దగ్గర మన వాయుసేన హెలికాప్టర్‌ను మన క్షిపణే కూల్చింది. ఆరుగురు వాయుసేన సిబ్బంది, నేల మీద ఉన్న ఒక పౌరుడు చనిపోయారు. అది తమ వైపు జరిగిన పెద్ద పొరపాటని అదే ఏడాది అక్టోబరులో అప్పటి వాయుసేనాధిపతి భదౌరియా బహిరంగంగా ఒప్పుకున్నారు. అక్కడ రెండు దళాలు కూడా లేవు, ఒకే దళం. ఎలక్ట్రానిక్ గుర్తింపు పరికరాలున్న కాలం. అయినా ఉద్రిక్తత నిండిన ఆ ఉదయం ఎవరు ఎవరన్నది తెలియలేదు.

2020 జనవరిలో తొలి చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్‌గా జనరల్ బిపిన్ రావత్ బాధ్యతలు తీసుకున్నారు. మూడు దళాల ఉమ్మడి సంస్థల్లో క్రమశిక్షణ, ఆదేశాల అధికారం ఒకే కమాండర్‌కు ఇచ్చే చట్టం 2023లో వచ్చింది. ఉమ్మడి థియేటర్ కమాండ్ల గురించి చాలా ఏళ్లుగా చర్చ నడుస్తోంది. ఈ చర్చ సాధారణంగా ఏ దళానికి ఎంత అధికారం, ఎన్ని విమానాలు అన్న లెక్కల చుట్టూ తిరుగుతుంది. పద్మ, పలాశ్‌ల వైపు నుంచి చూస్తే ప్రశ్న చాలా చిన్నది: నదిలో ఉన్నది మనవాళ్లేనని పైనున్న మనిషికి చెప్పే బాధ్యత ఎవరిది?

ఎవరి జ్ఞాపకం

ఈ సంఘటనను రెండు దేశాలూ రెండు రకాలుగా గుర్తుంచుకున్నాయి. భారత్ పతకాలు ఇచ్చింది. సామంత్, నొరోన్హా, చిమన్ సింగ్ ముగ్గురికీ మహావీర్ చక్ర వచ్చింది. ఆ యుద్ధంలో నావికాదళానికి వచ్చిన ఎనిమిది మహావీర్ చక్రాల్లో అధికారి కాని నావికుడికి దక్కింది చిమన్ సింగ్‌ది ఒక్కటే. కానీ వాళ్లు అంత సాహసం చూపాల్సిన పరిస్థితి ఎలా వచ్చిందన్నది మన జనానికి పెద్దగా తెలియదు. ప్లాసీ శిబిరం కథను సామంత్ స్వయంగా, పాత్రికేయుడు సందీప్ ఉన్నితన్‌తో కలిసి, పుస్తకంగా తెచ్చేసరికి 2019 వచ్చింది.

బంగ్లాదేశ్ రూహుల్ అమీన్‌కు తన అత్యున్నత సైనిక గౌరవం ‘బీర్ శ్రేష్ఠ’ ఇచ్చింది. అది అందుకున్నది మొత్తం ఏడుగురే. వాళ్లలో నావికాదళం మనిషి ఆయనొక్కరే. ఆయన పుట్టిన ఊరికి ఆయన పేరే పెట్టారు. రూప్సా ఒడ్డున ఆయన సమాధి ఉంది. పక్కనే అదే రోజు చనిపోయిన మొహిబుల్లా సమాధి. అక్కడి బడి పిల్లలు ఆయన కథ పాఠంగా చదువుకుంటారు. తన నావికా వీరుడు మిత్రదేశపు విమానాల దాడిలో గాయపడ్డాడన్న నిజాన్ని ఆ దేశం దాచలేదు. అలాగని దాన్ని పగగానూ మార్చుకోలేదు. 1971 గురించి రెండు దేశాల్లోనూ రాజకీయ వాదాలు పెరుగుతున్న ఈ రోజుల్లో అది గుర్తుంచుకోదగ్గ సంయమనం.

2013 జనవరిలో బంగ్లాదేశ్ నావికాదళంలో ఒక కొత్త గస్తీ నౌక చేరింది. ఆ దేశం సొంతంగా కట్టుకున్న తొలి యుద్ధ నౌక అది. పేరు ‘పద్మ’. దాన్ని కట్టింది ఖుల్నా షిప్‌యార్డ్‌లో. 1971లో అదే షిప్‌యార్డ్ దగ్గర మొదటి పద్మ మీద దాడి జరిగింది.